ఐదు లక్షల గిటార్‌లో డబ్బంతా ఎక్కడుంది, మన డెల్టా గాలికి అది ఆగుతుందా

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ, ఈ వైపు ఎలక్ట్రిక్ గిటార్లు ఎక్కడ కనపడతాయంటే ముందు చర్చిల్లో, తర్వాత ఆర్కెస్ట్రాల్లో, ఆ తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండుల్లో. వాటిల్లో చాలామటుకు పది పదిహేను వేల రకం. ఎప్పుడైనా అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో నాలుగైదు లక్షల గిటార్ ఒకటి పట్టుకొస్తే అందరూ చుట్టూ చేరి చూస్తారు, చూసి లోపల్లోపల కాస్త నిరాశపడతారు కూడా, ఎందుకంటే చూపుకి అందులో కొత్తగా ఏమీ ఉండదు. అవే ఆరు తీగలు, అదే చెక్క పలక, తీగ కదలికని కరెంటుగా మార్చే అవే రెండు మూడు పికప్‌లు. బ్రాండ్ పేరుకే డబ్బులండీ అని ఒకళ్లంటారు, కాదు చెక్కలో ఉంది అంతా అని ఇంకొకళ్లంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, కాకపోతే డబ్బులో పెద్ద భాగం వేరే రెండు చోట్లకి పోతుంది. ఒకటి, మిల్లీమీటరులో పదో వంతు ఇరవయ్యో వంతు దగ్గర జరిగే చేతిపని. రెండోది, చెక్క కుదురుకునేదాకా దాని జోలికి పోకుండా ఆగడం. ఈ రెండూ షోరూమ్‌లో కంటికి ఆనవు. ఏడాదంతా చెమ్మగా ఉండే మన గాలిలో మాత్రం రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి వాటంతటవే బయటపడతాయి.

అసలు ఎలక్ట్రిక్ వాయిద్యం ఎందుకు అన్నది డెల్టా వాళ్లకి ఎవరూ బయటినుంచి వచ్చి చెప్పక్కర్లేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు జంటలు జంటలుగా ఉంటాయి, కింద బోలు పెట్టె ఉంటుంది, మీటగానే శబ్దం గట్టిగా వచ్చి వెంటనే ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలబడాలి, తీగ పక్కకి లాగితే సాఫీగా సాగాలి, జంట తీగల్ని రెండిటినీ ఒకే తీరులో లాగడం అంటే పెద్ద తలనొప్పి. అందుకే ఆయన చేతిలో ఉన్నది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాయిద్యం. ఇందులో ఉన్న సూత్రమే గిటార్‌కీను. బోలు పెట్టె ఉంటే తీగలో ఉన్న శక్తి పైపలకలోకి పోయి గాలిని కదుపుతుంది, శబ్దం పెద్దదే గానీ శక్తి త్వరగా అయిపోతుంది. గట్టి పలక అయితే అది కదలదు కాబట్టి శక్తి తీగలోనే ఉండిపోయి స్వరం చాలాసేపు మోగుతుంది, కాకపోతే చెవికి సరిగ్గా వినపడదు, దాన్ని అయస్కాంతం, రాగి తీగ చుట్ట కలిపి కరెంటుగా మార్చి ఆంప్లిఫయర్‌కి పంపాలి. 1930ల్లోనే ఈ పని మొదలైంది, 1950లో లియో ఫెండర్ గట్టి చెక్క గిటార్ని ఫ్యాక్టరీ సరుకుగా తీసుకొచ్చాడు, 1952లో గిబ్సన్ కంపెనీ వాళ్ల లెస్ పాల్ గిటార్, 1954లో ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ వచ్చాయి. డెబ్బై ఏళ్లు దాటినా ఈనాటికీ ఖరీదైన గిటార్లలో ఎక్కువ భాగం ఈ రెండు మూడు నమూనాల చుట్టూనే తిరుగుతున్నాయి, అదో విచిత్రం.

ఇక్కడ చెక్క గొడవ ఒకటి తేల్చుకోవాలి. మహాగనీ అయితే వెచ్చటి శబ్దం, మేపుల్ అయితే పదునైన శబ్దం అని అమ్మేవాళ్లు తెగ చెప్తారు. పికప్ వినేది తీగ కదలికని, చెక్కని కాదు. చెక్క వల్ల తీగ కదలిక కాస్త మారొచ్చు, బొత్తిగా లేదనలేం, కానీ పికప్ ఎక్కడ పెట్టారు, తీగకి ఎంత దగ్గర ఉంది, అందులో ఎన్ని చుట్లు ఉన్నాయి, ఆంప్లిఫయర్ ఏంటి, వాయించేవాడి వేలు ఎలాంటిది, వీటి ముందు అది చాలా చిన్న తేడా. మరి మంచి చెక్కకి అంత డబ్బు ఎందుకు పెట్టాలి అంటే, శబ్దం కోసం కన్నా నిలకడ కోసం అనుకోవాలి. మెలి తిరగకుండా, ఉబ్బకుండా, పదేళ్ల తర్వాత కూడా చేసినప్పటి కొలతలోనే ఉండే చెక్క కోసం. బాడీ మీద అద్దంలో ప్రతిబింబంలాగా రెండు సగాలు కలిసే చారల మేపుల్ పలక మాత్రం అందానికే, అది నగ కింద లెక్క, అందులో తప్పేం లేదు.

వానాకాలం వస్తే మనిళ్లల్లో తలుపులు బిగుసుకుపోయి భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోవు, ఫిబ్రవరి వచ్చేసరికి అవే తలుపులు మళ్లీ వదులవుతాయి కదా, గిటార్ నెక్‌కి, అంటే ఎడమ చేత్తో పట్టుకునే ఆ పొడుగాటి మెడకి, జరిగేదీ అచ్చం అదే. చెక్క చచ్చినా గాలిలో తేమని పీల్చడం వదలడం మానదు. గాలిలో తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండే గదిలో చెక్క లోపలి తేమ ఎనిమిది తొమ్మిది శాతం దగ్గర ఆగుతుంది, గాలిలో ఎనభై శాతం ఉంటే అది పదిహేను దాకా పాకుతుంది. అమెరికాలో గిటార్లు చేసే చోట చెక్కని బట్టీలో ఆరబెట్టి ఆరు నుంచి ఎనిమిది శాతానికి దించి, ఆ తర్వాత తేమ అదుపులో ఉండే గదిలో నెలల తరబడి పేర్చి ఉంచుతారు. నెక్ కోసం కోసిన దుంగని ఒకేసారి ఫైనల్ కొలతకి తేరు, కాస్త లావుగా కోసి వదిలేస్తారు, లోపలున్న బిగువు వదిలి అది ఎటు వంగాలనుకుంటే అటు వంగాక మళ్లీ చిత్రిక పట్టి సరిచేసి మళ్లీ ఆపుతారు. ఇలా రెండు మూడు విడతలు. వంకర పోయిన దుంగలు పక్కన పడేస్తారు. చవక ఫ్యాక్టరీకి ఈ ఆగే ఓపిక ఉండదు, దుంగ కోసిన కొద్ది రోజుల్లోనే నెక్ అయిపోయి, రంగు పడి, పెట్టెలోకి వెళ్లిపోతుంది, ఆ వంకర ఏదో తర్వాత మనింట్లో తిరుగుతుంది.

తీగలు లాగే బలం కూడా తక్కువేం కాదు. మామూలు పది నంబరు తీగల సెట్ శృతి చేస్తే ఆరూ కలిపి 45 కిలోల పైన లాగుతాయి, అదీ రాత్రీ పగలూ. అందుకే నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ దీనికి 1920ల మొదట్లో పేటెంట్ తెచ్చాడు. మర తిప్పితే అది తీగల లాగుడికి ఎదురు లాగుతుంది. నెక్ పూర్తిగా తిన్నగా కూడా ఉండకూడదు, తీగ ఊగడానికి చోటు కావాలి కాబట్టి మధ్యలో ఒక పావు మిల్లీమీటరు లోతు వంపు ఉండాలి, దాన్ని రిలీఫ్ అంటారు. మంచి నెక్‌లో చెక్క పొరలు నిలువుగా వచ్చేలా కోసి ఉంటాయి, అప్పుడు తేమ మారినా వంకర తక్కువ. కొంతమంది మూడు, ఐదు పట్టీలు నార ఎదురెదురుగా పెట్టి అతికించి నెక్ చేస్తారు, ఒకటి ఇటు వంగాలంటే ఇంకోటి అటు లాగి ఆపుతుంది. మన డెల్టాలో ఒక చిక్కు అదనంగా ఉంది. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న గిటార్ పొద్దున్నే బైటికి, సాయంత్రం కాలవ గట్టు పక్కన పందిట్లోకి, మళ్లీ ఏసీలోకి. ఒక్క పూటకి చెక్క లోపలిదాకా ఏమీ మారదు గానీ ఇదే నెలల తరబడి సాగితే సరిగ్గా ఆరని నెక్ ముందుకో వెనక్కో వంగుతుంది, మధ్యలో మెలి కూడా పడుతుంది. వంగితే ట్రస్ రాడ్ సరిచేస్తుంది. మెలి పడితే మామూలు ట్రస్ రాడ్ ఏమీ చేయలేదు, ఆ నెక్ పని అయిపోయినట్టే.

ఇక ఫ్రెట్లు, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు. ఒక్క మాటలో అడిగితే ఖరీదైన గిటార్‌కీ చవక గిటార్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. మన వీణకి 24 మెట్లు ఉంటాయి, వాటిని మసి కలిపిన మైనంలో కూర్చోబెడతారు, మేళం కట్టేవాళ్లు చెవితో విని ఒక్కో మెట్టునీ ఇటు జరిపి అటు జరిపి స్వరం కుదిరాక వదులుతారు, ఎండకి మైనం మెత్తబడి మెట్టు కదిలితే మళ్లీ కట్టించుకోవచ్చు. గిటార్‌కి ఆ వెసులుబాటు లేదు. రంపంతో గాడి కోసి లోహపు ఫ్రెట్ దిగ్గొట్టాక ఇంక దాని చోటు మారదు, కాబట్టి లెక్క ముందే తేలాలి. లెక్క ఏంటంటే తీగ మొత్తం పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది, మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అలా పోతూ ఉంటే పన్నెండోది సరిగ్గా సగంలో పడుతుంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే 647.7 మిల్లీమీటర్లు, అందులో మొదటి ఫ్రెట్ 36.35 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, చివర 21కీ 22కీ మధ్య ఎడం 11 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంటే కోతలో 0.2 మిల్లీమీటరు తప్పు మొదటి ఫ్రెట్ దగ్గర పడితే చెవికి పట్టదు, అదే తప్పు పైన ఇరవై రెండో దాని దగ్గర పడితే మూడు రెట్లకి పైగా ఎక్కువ అపశృతి. ఇప్పుడు గాడులు కోసేది కంప్యూటర్ మెషినే కాబట్టి చవక గిటార్లలో కూడా ఈ దూరాలు చాలావరకు సరిగ్గానే ఉంటాయి. తేడా వచ్చేది దూరంలో కాదు, ఎత్తులో.

ఎత్తు సరిచేయడం ఎలా ఉంటుందంటే, ముందు ట్రస్ రాడ్‌తో నెక్‌ని తిన్నగా తెస్తారు. ప్రతి ఫ్రెట్ నెత్తి మీదా నల్ల మార్కర్‌తో గీత గీస్తారు. ఖచ్చితంగా తిన్నగా ఉన్న పొడుగాటి అల్యూమినియం దిమ్మెకి గరుకు కాయితం అంటించి, దాని బరువు తప్ప చేతి బరువు పడకుండా నెక్ పొడుగునా లాగుతారు. కొన్ని ఫ్రెట్ల మీద నలుపు పోతుంది, కొన్నిటి మీద అలాగే ఉంటుంది. పోయినవి ఎత్తు, ఉన్నవి పల్లం. పల్లంలో ఉన్న చిట్టచివరి దాని మీద కూడా నలుపు లేచిపోయేదాకా లాగుతూ ఉండాలి, అక్కడే ఆగాలి, ఇంకో నాలుగు సార్లు ఎక్కువ లాగితే ఫ్రెట్ ఆయుష్షు అరిగిపోయినట్టే. ఇప్పుడు అన్నీ ఒకే ఎత్తుకొచ్చాయి గానీ నెత్తి చదునైపోయింది, చదును మీద తీగ ఆనితే శృతి జరుగుతుంది, ఝుమ్మని జీర కూడా వస్తుంది, కాబట్టి మళ్లీ నలుపు పూసి, లోపలికి గుంట ఉన్న ఆకురాయితో రెండు పక్కలా రుద్ది, నెత్తి మీద సన్నటి నల్ల గీత ఒక్కటే మిగిలేలా గుండ్రం తేవాలి. 22 ఫ్రెట్లకీ విడివిడిగా. ఆ తర్వాత 400, 800, 1000, 2000 నంబర్ల కాయితాలతో గీతలన్నీ పోయేలా మెరుగు. చివరాఖరికి కొసలు, ఫ్రెట్‌కి రెండు చొప్పున 44 కొసలు, ఒక్కొక్కటీ సన్న ఆకురాయితో గుండ్రం చేస్తే వేలికి తగలవు. పదివేల గిటార్ మీద ఎడమ చెయ్యి కింద నుంచి పైకి జారిస్తే అరచేతికి రంపంలా గీసుకుంటాయే, అవి ఈ పని ఎగ్గొట్టిన కొసలు. చేయి తిరిగినవాడికి కూడా ఈ మొత్తానికి గంటలు గంటలు పట్టేస్తుంది, తొందరపెట్టే దారి లేదు.

తేమ కథ ఇక్కడ మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఫ్రెట్ లోహం, దాని కింద చెక్క. నెక్ మీద ఫ్రెట్లు కూర్చునే పట్టీని ఫింగర్‌బోర్డ్ అంటారు, దాని వెడల్పు చివర్లో 56 మిల్లీమీటర్లు దాకా ఉంటుంది, తేమ బాగా తగ్గితే చెక్క 0.2, 0.3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, లోహం అలాగే ఉండి కొసలు బైటికి పొడుచుకొస్తాయి. చెమ్మలో చేసి ఎండు దేశానికి పంపిన గిటార్లకి ఈ జబ్బు ఎక్కువ. మన దగ్గర దీనికి ఉల్టా, చెమ్మకి చెక్క ఉబ్బి కొసలు లోపలికి పోతాయి, బానే ఉంది అనుకుంటాం, ఈలోగా మే నెలలో రాజమండ్రి వైపు వడగాల్పులు మొదలై ఇంట్లో ఏసీ పగలూ రాత్రీ నడిస్తే అప్పుడు చురుక్కుమంటాయి.

నట్ అని నెక్ పైచివర చిన్న ఎముక ముక్క ఉంటుంది, ఆరు గాడులు, తీగలు అందులోంచి బిరడాలకి వెళ్తాయి. చూడ్డానికి ఏమీ కాదు. గాడి లోతు కాస్త తక్కువైతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కడానికి ఎక్కువ దిగాలి, దిగితే సాగుతుంది, సాగితే శృతి పెరుగుతుంది. గిటార్ శృతి చేసినా మొదటి ఫ్రెట్ల దగ్గర వాయించే కార్డ్స్, అంటే ఒకేసారి మీటే స్వరాల గుంపులు, ఎప్పుడూ కొంచెం తేడాగా వినపడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే, ట్యూనర్లని తిట్టుకుంటూ ఉంటారు పాపం. గాడి మరీ లోతైతే తీగ ఫ్రెట్‌కి కొట్టుకుంటుంది. తీగ మందం ఎంతో అంత మందం ఆకురాయి ఒక్కో దానికి వేరుగా కావాలి. ఇరవై నిమిషాల పని, ఫ్యాక్టరీలో దానికి ఇచ్చేది అంత కూడా ఉండదు కాబట్టి గాడులు కావాలనే కాస్త ఎత్తుగా వదిలేస్తారు.

పికప్‌ల దగ్గర కథలు ఎక్కువ, పని తక్కువ అని కొందరి వాదన, అదీ పూర్తిగా నిజం కాదు. 42 గేజ్ రాగి తీగ, మందం 0.06 మిల్లీమీటర్ల చిల్లర, దాన్ని ఆల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాల చుట్టూ ఏడెనిమిది వేల చుట్లు చుట్టాలి, ఒక్క పికప్‌లోనే కిలోమీటరుకి అటూ ఇటూ తీగ పడుతుంది. వేళ్ల మధ్య తీగని పట్టుకుని బిగువు చూసుకుంటూ నడిపిస్తారు, ఎక్కువ బిగిస్తే సాగి సన్నబడుతుంది లేదా టప్పున తెగిపోతుంది, తెగితే మళ్లీ మొదటినుంచి. చేత్తో చుట్టినప్పుడు చుట్లు ఒకదాని మీద ఒకటి వరసగా పడకుండా కాస్త చెదిరి పడతాయి, దానివల్ల పైస్థాయి స్వరాలు కొంచెం తేటగా వస్తాయి. తర్వాత కరిగిన మైనంలో ముంచుతారు, లేకపోతే వాల్యూమ్ పెంచగానే చుట్లు వాటిలో అవే కంపించి కీచుమంటాయి.

ఒంటి చుట్ట పికప్‌కి ఒక పెద్ద లోపం ఉంది, చుట్టుపక్కల కరెంటు గుంయ్ అనే మోతని కూడా లాగేసుకుంటుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు కాబట్టి ఆ మోత కూడా అదే స్థాయిలో, దాని రెట్టింపులో వినపడుతుంది. తిరునాళ్ల పందిట్లోనో క్రిస్మస్ మీటింగ్‌లోనో చుట్టూ సీరియల్ లైట్లు, పక్కన జనరేటర్, ఎర్తింగ్ సంగతి దేవుడెరుగు, అలాంటి చోట ఒంటి చుట్ట గిటార్ పాట కంటే ముందు మోతే పాడుతుంది. దీనికి మందు 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ కనిపెట్టాడు, రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపితే బయటి మోత రెండిట్లోంచీ ఎదురుగా వచ్చి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. హంబకర్ అంటే అదే, 1957 నుంచి గిబ్సన్ గిటార్లలో వచ్చింది. ఒంటి చుట్ట శబ్దమే కావాలనుకునేవాళ్లకి కొన్ని ఖరీదైన గిటార్లలో లోపలి గుంటలన్నిటికీ రాగి రేకు అంటించి, కీళ్లన్నీ సోల్డర్ చేసి, ఆ రేకుని గ్రౌండ్‌కి కలిపి ఉంటారు. ప్లేట్ విప్పి చూస్తే దొరికిపోయే తేడా ఇది. తీగ ముట్టుకుంటే షాక్ కొడుతోందంటే మాత్రం అది గిటార్ ధరతో సంబంధం లేని విషయం, ఆ ప్లగ్గు తీసేసి ముందు ఎలక్ట్రీషియన్ని పిలవాలి.

రంగు విషయంలో డెల్టా ఫర్నిచర్ పాలిష్ పనివాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. పాతకాలపు గిటార్ల మీద వేసేది నైట్రోసెల్యులోజ్ లక్కర్, పల్చటి పూతలు చాలా వేసి, వారాలపాటు ఆరనిచ్చి, తర్వాత రుద్ది మెరుగు పెడతారు. చెమ్మ రోజున అది కొడితే థిన్నర్ గబగబా ఆవిరై చెక్క పైభాగం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద పట్టి పూత లోపల ఇరుక్కుంటుంది, తెల్లారేసరికి పాలు కలిపినట్టు తెల్లమచ్చ. శ్రావణ మాసంలో పాలిష్ పెట్టనని మొండికేసే పనివాడు ఊరికే అనట్లేదు. చవక గిటార్లకి ఈ బాధ లేదు, మందంగా పాలియెస్టర్ పూత పూసేస్తారు, రాయిలా ఉంటుంది, నిజం చెప్పాలంటే మన గాలికి అదే మేలు కూడా. లక్కర్ చెమట తగిలి తగిలి అరిగిపోతుంది, ఆ అరుగుదలే కావాలని కొనేవాళ్లున్నారు. ఫెండర్ కస్టమ్ షాప్ 1990ల నుంచి కొత్త గిటార్నే గీకి, రంగు రాల్చి, ఇనుము తుప్పు పట్టించి రెలిక్ పేరుతో ఇంకా ఎక్కువ రేటుకి అమ్ముతోంది. తుప్పు కోసం డబ్బులిచ్చే అవసరం మాత్రం మనకి లేదు, నర్సాపురం, ఉప్పాడ లాంటి చోట్ల సముద్రపు గాలి ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది, తీగలైతే కొన్ని వారాలకే గరుకెక్కుతాయి.

హ్యాండ్‌మేడ్ అనే మాట విని మోసపోయేవాళ్లు చాలామంది. ఖరీదైన గిటార్లలో కూడా మెషిన్ పని బోలెడు ఉంటుంది. పాల్ రీడ్ స్మిత్ కంపెనీ 1985 నుంచి ఉంది, మంచి పనితనానికి పేరున్నవాళ్లు, బాడీలు నెక్‌లు కంప్యూటర్ నడిపే చెక్క కోత యంత్రంతోనే చెక్కుతారు, దాచుకోరు కూడా. బెర్లిన్‌లో తయారయ్యే ప్లెక్ అనే యంత్రం తీగలు బిగించి ఉండగానే ఒక్కో ఫ్రెట్ ఎత్తుని కొలిచి, తర్వాత అదే రుద్ది సరిచేస్తుంది, గిబ్సన్ లాంటి వాళ్లు వాడుతున్నారు, చెయ్యి చేసినదానికంటే అది తక్కువేం కాదు, చాలాసార్లు మెరుగు. లియో ఫెండర్ అసలు గిటార్ వాయించడమే రాని రేడియో రిపేర్ మనిషి, నెక్‌ని నాలుగు స్క్రూలతో బిగించేలా డిజైన్ చేసిందే పని తేలిక అవడానికి. స్క్రూల నెక్ అంటే చవక, జిగురు నెక్ అంటే ఖరీదు అనుకోవడం కూడా పొరపాటే, నెక్ చివర బాడీ గాడిలో కాయితం కూడా దూరనంత బిగువుగా కూర్చుందా లేదా అన్నదే చూడాలి. మెషిన్ వదిలేసిన చోట చెయ్యి మొదలవ్వాలి. నెక్ వెనక భాగం అరచేతిలో ఎక్కడా గుచ్చుకోకుండా గరుకు కాయితం పట్టడం, ఫింగర్‌బోర్డ్ అంచుని వేలు అరిగించినట్టు గుండ్రం చేయడం, ఇలాంటివి ఇంకా చేతులే బాగా చేస్తున్నాయి. గంటల లెక్కన జీతం ఎక్కువున్న దేశంలో ఆ గంటలే లక్షలవుతాయి.

గమ్మత్తు ఏంటంటే ఆ లక్షల గిటార్ మీద వేళ్లు ఆనే చెక్క చాలాసార్లు మన దేశానిదే. 1960ల నుంచి బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యేకొద్దీ ఆ చోటు ఎక్కువగా భారత రోజ్‌వుడ్‌కే పోయింది, మన వైపు జిట్టేగి అనేది అదే, 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని అంతర్జాతీయంగా దాదాపు ఆపేశారు కూడా. 2009లో మడగాస్కర్ ఎబొనీ చెక్క గురించి, 2011లో భారత్ నుంచి వెళ్లిన ఫింగర్‌బోర్డ్ పట్టీల గురించి, అవి చట్టవిరుద్ధంగా వచ్చాయన్న అనుమానంతో అమెరికా అధికారులు గిబ్సన్ ఫ్యాక్టరీల మీద దాడులు చేశారు, 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా కట్టి రాజీ చేసుకుంది. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తానికి అనుమతి పత్రాలు పెట్టారు, గిటార్ సరిహద్దు దాటించడమే గండం అయిపోయింది, 2019లో తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చాక గానీ ఊపిరాడలేదు. ఈ గొడవలో చాలా కంపెనీలు వేరే చెక్కలు వాడి చూశాయి, వాయించేవాళ్లలో ఎక్కువమంది ఆ తేడా గమనించలేదు. చెక్క పేరుకి ఇచ్చే గౌరవం ఎంతవరకు సబబో దీన్నిబట్టి కొంత తేలింది.

మరి ఇక్కడే ఒకటి చేయలేమా అంటే, విడివిడిగా చూస్తే పనులన్నీ తెలిసినవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. డెల్టా దాటి కాస్త మెరకకి వెళ్తే నూజివీడులో పనస చెక్కతో వీణలు చేస్తారు, ఇంకా ఉత్తరాన బొబ్బిలిలో అయితే ఒకే దుంగ తొలిచి చేస్తారు. కోరంగి, తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగం తరాలనాటిది, తడిసే చెక్క ఎటు వంగుతుందో వాళ్లకి ఒకరు నేర్పేదేం లేదు. బాడీకి పనస బరువు మహాగనీకి మరీ దూరంగా ఉండదు, పచ్చటి రంగు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగులోకి దిగుతుంది, పైన పాలిష్ తప్ప రంగు అక్కర్లేదు. నెక్‌కి టేకు పనికొస్తుంది, నిలకడలో దానికి వంక పెట్టలేం, కాకపోతే అందులో సహజంగా ఉండే నూనె వల్ల జిగురు సరిగ్గా పట్టదు, అతికించే ముందు థిన్నర్‌తో తుడిచి వెంటనే బిగించాలి. లేనివి రెండు. తేమని యాభై దగ్గర ఏడాది పొడుగునా పట్టి ఉంచే గది ఒకటి, దాని కరెంటు బిల్లు కట్టేటన్ని ఆర్డర్లు. వీణ చేసేవాళ్లకే ఆర్డర్లు పల్చగా ఉన్న రోజుల్లో గిటార్ కోసం అంత పెట్టుబడి ఎవరు పెడతారు.

ఈలోగా జరిగేది ఏంటంటే, ఫ్రెట్ల పని వచ్చినవాళ్లు దగ్గర్లో దొరక్క గిటార్ని హైదరాబాదుకో చెన్నైకో పంపుతున్నారు. పదిహేను వేల గిటార్‌కి కూడా ఫ్రెట్లు సమం చేయించి, ఎముక నట్ వేయించి, లోపల రాగి రేకు అంటిస్తే వాయించే చేతికి అది సగం పైన మారిపోతుంది, పికప్‌లు మార్చడం కంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీనికే. నెక్ మాత్రం కొనేటప్పుడే చూసుకోవాలి. తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కి మధ్యలో సందు ఎంతుందో రెండు పక్కలా, లావు తీగ కిందా సన్న తీగ కిందా విడిగా చూడాలి. రెండు పక్కలా ఒకేలా ఉంటే ట్రస్ రాడ్‌తో తేలిపోయే సంగతి, ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా ఉంటే నెక్ మెలి తిరిగిందని అనుమానించి, రేటు ఎంత తగ్గిస్తానన్నా వదిలేయడమే.